దారి చెప్పిన నోరు

రాజపాళయంలో బ్యాండేజి గుడ్డ వ్యాపారం చేసే పెరుమాళ్‌సామి ఇంట్లో మాటలన్నీ ఆయన భార్య సౌభాగ్యానివే. పెళ్ళయిన కొత్తలోనే ఆయన తన వాటా మాటలు కూడా ఆమెకు రాసిచ్చేశాడని వీధిలో చెప్పుకునేవారు. ఆ సంగతి సౌభాగ్యం చెవిన పడింది. కోపం రాలేదు సరికదా, అది తనే పదిమందికీ చెప్పి నవ్వింది. "రాసిచ్చినాడు నిజమే. పట్టా మాత్రం ఇంకా నా పేరుకు మార్చలేదు" అనేది.

అరవై దాటిన మనిషి. తన నోటి సంగతి తనకు తెలియనిది కాదు. పాలవాడు నీళ్ళు కలిపితే వాడి గేదె సిగ్గుపడేట్టు తిట్టేది. షేర్ ఆటోవాడు ఒక సందు ముందే దించేస్తే, దిగకుండా కూర్చుని ఆటోలో ఉన్న మిగతావాళ్ళతో న్యాయం చెప్పించుకునేది. రాత్రి పడుకునే ముందు మాత్రం ఆ రోజు తిట్టినవాళ్ళందరినీ తలుచుకుని, "పాపం, పిల్లోడు, కొంచెం ఎక్కువే అయినాది" అని మొగుడితో అనేది. తెల్లారితే మళ్ళీ మామూలే.

ఆ తిట్లన్నీ తెలుగులోనే. వాళ్ళ తాతలకు తాతల కాలంలో వచ్చి ఆ ఊళ్ళో నిలిచిన కుటుంబం. కూరగాయలు కొనేది తమిళంలో, బ్యాంకులో మాట్లాడేది తమిళంలో, దేవుడికి మొక్కుకునేది కూడా తమిళంలోనే. చదవనూ రాయనూ రాని తెలుగు ఇంట్లో పొయ్యి దగ్గర మిగిలింది. కోపం వస్తే ఆ పొయ్యి దగ్గరి మాటే బయటికి దూకుతుంది. దానితో ఇంకో సౌకర్యం కూడా ఉంది. చీరల కొట్టులో అమ్మేవాడి ముందే, "ఇది ఒక ఉతుకుకు రంగు పోతాది, లేయండి" అని మొగుడికి చెప్పేయొచ్చు. వాడికి అర్థం కాదన్న ధైర్యం. ఆ ధైర్యం ఆ ఊరి తెలుగు ఇళ్ళన్నిటికీ ఉంది. అది ఎన్నిసార్లు బెడిసికొట్టినా ఎవరికీ బుద్ధి రాలేదు, సౌభాగ్యానికి అసలే రాలేదు.

పోయిన ఏడాది తమిళుల ఆడి నెలలో ఒక పొద్దున, పంజు మార్కెట్ దగ్గర టౌన్ బస్సు దిగి కూరగాయల సంచితో ఇంటివైపు నడుస్తోంది. ఒక మోటార్‌సైకిల్ వచ్చి పక్కన ఆగింది. దాని మీదున్న కుర్రవాడు హెల్మెట్ తీసి, చాలా మర్యాదగా, "పాట్టీ, తెన్కాశి రోడ్డుకు ఎట్లా పోవాలి?" అని తమిళంలో అడిగాడు. పాట్టీ అంటే అవ్వ. ఆ పిలుపు ఆమెకు నచ్చలేదు కానీ, అడిగినవాడికి దారి చెప్పకుండా ఉండడం ఆమె వల్ల కాదు.

ఇంకెవరైనా అయితే చెయ్యి చూపించి పోయేవారు. సౌభాగ్యం సంచి కింద పెట్టింది. నేరుగా పోతే దగ్గరేగానీ, మిల్లు షిఫ్టు వదిలే వేళ కాబట్టి ఎడమకు తిరగాలని చెప్పింది. ఆ ఎడమ సందులో పైపు కోసం తవ్విన గుంట ఉంది, జాగ్రత్త అంది. గుంట దాటాక ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది, దాన్ని పడగొట్టి కల్యాణ మండపం కట్టారు, ఆ మండపం పక్కన తిరిగితే తెన్కాశి రోడ్డే అంది. అంతటితో ఆపవచ్చు. "ఆ మండపంలో పెళ్ళి భోజనాలు పెడతారు చూడు, అక్కడ సాంబారు..." అని మొదలుపెట్టింది. వాడు ఓపిగ్గా తలాడిస్తూ వింటున్నాడు. సాంబారు దగ్గర ఆమె మెడ మీద చెయ్యి పడింది.

తాళిచైను తెగేముందు చర్మాన్ని కోసుకుంటూ పోయింది. ఆమె మోకాళ్ళ మీద పడింది. సంచిలోని వంకాయలు రోడ్డంతా దొర్లాయి. కాస్త అవతలే టీకొట్టు, అక్కడ నలుగురు మగవాళ్ళు. ఒక్క కేక వేస్తే వాణ్ణి పట్టుకునేవాళ్ళే. సౌభాగ్యం నోరు తెరిచింది. కేక రాలేదు. మోటార్‌సైకిల్ సందు తిరిగి కనపడకుండా పోయేదాకా నోరు అలా తెరుచుకునే ఉంది, శబ్దం మాత్రం లేదు.

ఆ సాయంత్రం పెరుమాళ్‌సామి పసుపు తాడుకు పసుపుకొమ్ము కట్టి ఆమె మెడలో వేశాడు. అంగట్లోని మెత్తటి బ్యాండేజి గుడ్డ తెచ్చి మెడ మీది గాయానికి చుట్టింది కూడా ఆయనే. "నువ్వు ఇంటికి వచ్చి చేరినావు గదా, అది చాలు" అన్నాడు. ఆమె, "నలభై ఏండ్లుగా అక్కర లేని చోటంతా అరిచినాను. అక్కర పడిన చోట నోరు లేక ఊమైపోయినాను. ఇట్లాంటి నోరు ఎందుకండీ, పీకి గడపకు కట్టినా దిష్టి పోయేది" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె తిట్టడం మానేసింది. మాట పోలేదు. అన్నం పెట్టనా, మందు వేసుకున్నారా అన్నంత వరకు వస్తుంది. తిట్టు మాత్రం రాదు. మొదటి నెల వీధి వీధంతా హాయిగా ఉంది. తర్వాత పాలు పలచబడ్డాయి. ఆటోవాడు రెండు సందుల ముందే దించేసి, ఏమీ అనకుండా దిగిపోతున్న ఆమెను చూసి వాడే భయపడ్డాడు. ఎదురింటి గురువమ్మాళ్, ఇరవై ఏళ్ళుగా ఆమెతో కుళాయి దగ్గర తగవులాడే మనిషి, ఒకరోజు వచ్చి గడపలో కూర్చుంది. "అక్కా, నేను నీ వంతు బిందె తీసేసి నాది పెట్టుకున్నాను. నువ్వు చూసినావు. ఒక మాట అనలేదు. నాకు రాత్రంతా నిద్ర రాలేదు, ఏమన్నా అను" అని బతిమాలింది. సౌభాగ్యం ఆమెకు కాఫీ ఇచ్చి పంపింది.

అంతకంటే అధ్వాన్నం ఇంకొకటి. దారిలో ఎవరైనా ఆగి ఏదైనా అడిగితే చాలు, కొంగు మెడకు చుట్టుకుని గోడకు ఆనుకునేది. తెలియదు అనేది. "పుట్టి పెరిగిన ఊళ్ళో బస్టాండు ఎక్కడుందో తెలియదని చెప్పే ముసలిది నేనొక్కతెనే. నన్ను తీసుకుపోయి పొరుగూరి బస్సు ఎక్కించినా నమ్మి కూర్చుంటాను" అని ఇంట్లో తనమీద తనే వేళాకోళం చేసుకునేది. పెరుమాళ్‌సామి నవ్వేవాడు కాదు.

కొన్నాళ్ళకు పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు. పేరు సంకరలింగం. చైను అప్పటికే కరిగిపోయింది. సౌభాగ్యం వాణ్ణి గుర్తుపట్టింది. వాడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష చెప్పే ముందు, బాధితురాలు ఏమైనా చెప్పదలచుకుంటే వింటానని మేజిస్ట్రేటు అన్నట్టు కబురు వచ్చింది. ఆ కబురు తెచ్చినవాడు ఆమె చెల్లెలి కొడుకు మణికంఠన్, అదే కోర్టులో వక్కీలు.

మణికంఠన్ తనే తమిళంలో రెండు వాక్యాలు రాసుకుని వచ్చాడు. నా శరీరానికి, మనసుకు బాధ కలిగింది. తగిన న్యాయం కోరుతున్నాను. అంతే. సౌభాగ్యం విని, "ఇది ఎవరికి జరిగినాదిరా? నాకా, బ్యాంకుకా?" అని అడిగింది.

"పెద్దమ్మా, అది కోర్టు. కుళాయి దగ్గర కాదు" అన్నాడు మణికంఠన్. "ఇష్టం వచ్చినట్టు తిట్టనిస్తే ఏమవుతుంది? బాగా నోరుండే ఇంట్లో దొంగిలించినవాడికి పెద్ద శిక్ష, నోరు లేనోళ్ళ ఇంట్లో దొంగిలించినవాడికి చిన్న శిక్ష పడితే అది నాయమా? నువ్వే చెప్పు."

సౌభాగ్యం ఆలోచించింది. వాడు చెప్పింది సరిగానే ఉంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"నేను చెప్పేది శిక్ష కోసం కాదురా. జడ్జయ్య ఎంత వేసినా సరి. ఆ పొద్దు రావలసిన కేక ఒకటి లోపలే నిలిచిపోయినాది. అది వాడి ముందర పెట్టాలి. వాడు వినాల. లేకుంటే నేను ఈ జన్మకు ఇట్లే ఉండిపోతాను."

మణికంఠన్ పెదనాన్న వైపు చూశాడు, ఆయనైనా సర్ది చెపుతాడేమో అని. పెరుమాళ్‌సామి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఆ పొద్దు వాడు దారి అడిగినాడు, పూరా వినకుండానే పోయినాడు. ఈసారన్నా పూరా వినిపో అని చెప్పరా" అన్నాడు. ఆ సంవత్సరానికి ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

చివరికి ఒప్పందం కుదిరింది. "నీ తల మీద ఒట్టు, అరవంలో ఒక్క తిట్టు కూడా నా నోట రాదు" అని సౌభాగ్యం మణికంఠన్ నెత్తిన చెయ్యి పెట్టింది. అంత చదువు చదివిన వక్కీలు ఆ ఒట్టులోని 'అరవంలో' అన్న మాట పట్టించుకోలేదు. సౌభాగ్యం లెక్క వేరే: మేజిస్ట్రేటుది తంజావూరు పక్క, తెలుగు రాదు. సంకరలింగం అన్న పేరు చూస్తే వాడూ తమిళవాడే, దారి అడిగిందీ తమిళంలోనే. రెండు వాక్యాలూ తమిళంలో ఒప్పజెప్పి, ఆ తర్వాత చీరల కొట్టులో మాట్లాడినట్టు నిశ్చింతగా తెలుగులో దులిపేస్తే ఎవరికీ నష్టం లేదు. కడుపులోది బయటికి వస్తుంది, ఒట్టు ఒట్టుగానే ఉంటుంది. వాడు వినాలి అనుకున్నదీ, వాడికి అర్థం కాకూడదు అనుకున్నదీ తనే. ఆ రెండూ ఎలా కుదురుతాయో ఆమె ఆలోచించలేదు. గ్రైండరులో ఇడ్లీపిండి తిరుగుతుంటే ఆ చప్పుడు చాటున తిట్లన్నీ సరిచూసుకుంది. పాతవి తుప్పు పట్టలేదు.

కోర్టు రోజు జనం పెద్దగా లేరు. సంకరలింగం చిక్కిపోయి ఉన్నాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నట్టుంది, దవడ మీద గాటు. వెనక బెంచీ చివర పసుపుపచ్చ సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చుంది. వాడి తల్లి, వేలమ్మాళ్, మంసాపురం నుంచి వచ్చిందని మణికంఠన్ చెవిలో చెప్పాడు. వచ్చిందా, కూర్చోనీ, ఆమెకు మాత్రం ఏమి అర్థమవుతుంది అనుకుంది సౌభాగ్యం.

"నిదానంగా చెప్పండమ్మా, తొందరేమీ లేదు" అన్నాడు మేజిస్ట్రేటు. చిన్న వయసే, గొంతు మెత్తగా ఉంది.

మొదటి వాక్యం తమిళంలో తప్పు లేకుండా చెప్పింది. రెండోది మొదలుపెట్టేసరికి సంకరలింగం తలెత్తి చూశాడు. దారి వింటున్నప్పుడు పెట్టిన ముఖమే, అదే ఓపిక. అంతే, రెండో వాక్యం ఎటు పోయిందో పోయింది.

"దారి అడిగినావు గదరా! సంచి కింద పెట్టి చెప్పినాను గదరా, గుంటలో పడతావేమో అని! దారి చెప్పిన నోరు మూసినావే, నీ చేతులు పడిపోను! నీ బండి నడిరోట్లో నిలిచిపోను! ఆ పొద్దునుంచి నేను ఒక్కరికీ దారి చెప్పలేదురా. బస్టాండు ఎక్కడంటే తెలియదంటాను, నా ఊళ్ళో నేను! బండి చప్పుడు వింటే గోడకు అంటుకుంటాను. అరిచేదానికి నోరు తెరిచినాను, రాలేదు. నా మొగుడి ముందర కూడా రాలేదు. ఏమి చేసినానురా నిన్ను? నీ నోట మన్ను పడ! నిన్ను కన్న కడుపు కాలిపోను!"

ఏడాది పాటు లోపల ఉన్నదంతా ఒక్క ఊపిరిలో బయటపడింది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎన్నాళ్ళకో గుండె తేలికైంది. తన గొంతు అంత పెద్దదని ఆమే మరిచిపోయింది.

మేజిస్ట్రేటు మణికంఠన్ వైపు తిరిగి, "ఏమంటున్నారు?" అని అడిగాడు. మణికంఠన్ గొంతు సవరించుకుని, "ఆ సంఘటన తర్వాత తనకు మానసికంగా చాలా ఇబ్బందిగా ఉందని, బయటికి పోవాలంటే కష్టంగా ఉందని చెప్తున్నారు ఐయా" అన్నాడు తమిళంలో.

"ఐయా, అది సరిలేదు."

ఆ మాట అన్నది సంకరలింగం. కానిస్టేబులు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. మేజిస్ట్రేటు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"వక్కీలు సార్ చెప్పినాది ఈ అమ్మ చెప్పినాది కాదు ఐయా. ఈ అమ్మ వేరే చెప్పినాది."

"నీకు తెలుగు వస్తుందా?"

"మా ఇంట్లో అదే ఐయా."

సౌభాగ్యం బోనులోని కొయ్య పట్టుకుంది. చీరల కొట్లలో, బస్సుల్లో, పెళ్ళిళ్ళలో జీవితమంతా ఎవరి ముందర ఏమేమి అన్నదో అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

వాడు ఒక్కొక్కటే తమిళంలో చెప్పసాగాడు. తల వంచుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, తొందర లేకుండా. "నా చేతులు పడిపోవాలంటున్నారు. నా బండి నడిరోడ్డులో నిలిచిపోవాలంటున్నారు. గుంటలో పడతానని జాగ్రత్త చెప్పినారంట. అది నిజమే ఐయా, చెప్పినారు. దారి చెప్పిన నోరు నేను మూసేసినానంట. ఆ పొద్దునుంచి ఎవరికీ దారి చెప్పలేదంట. అరవాలని నోరు తెరిస్తే రాలేదంట. ఏమి చేసినాను నిన్ను అని అడుగుతున్నారు. నా నోట్లో మన్ను పడాలంటున్నారు."

"ఇతను చెప్పింది సరేనా అమ్మా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

సౌభాగ్యం మణికంఠన్ వైపు చూసింది. వాడు తన నల్లకోటు గుండీ వైపు చూసుకుంటున్నాడు. సొంత చెల్లెలి కొడుకు తన మాటల్లో సగం మింగేశాడు. మెడలో చైను తెంపినవాడు ఒక్క మాట కూడా ఉంచుకోకుండా అప్పజెప్పాడు. దీనికి నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. "వాడు చెప్పినాదే సరి ఐయా" అంది.

"చివర ఇంకొకటి అన్నట్టుంది?"

సంకరలింగం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. గొంతులో కండ కదిలింది, శబ్దం రాలేదు.

ఆ తెరుచుకున్న నోటిని సౌభాగ్యం చూసింది. దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు ఎవరూ సాయం చేయనక్కర్లేదు. వెనక్కి తిరిగింది. బెంచీ చివర వేలమ్మాళ్ సంచిని కడుపుకు గట్టిగా అదుముకుని, నేల చూస్తూ కూర్చుంది. ఆమెకు ఎవరూ తమిళంలోకి మార్చి చెప్పాల్సిన పని లేదు. అందరికంటే ముందు, అందరికంటే బాగా ఆమెకే అర్థమైంది.

ఆ తిట్టు సౌభాగ్యం వెయ్యిసార్లు తిట్టింది. పాలవాణ్ణి తిట్టింది, ఎలుకను తిట్టింది, ఒకసారి కరెంటు పోతే కరెంటును కూడా తిట్టింది. దానికి ఒక కడుపు ఉంటుందనీ, అది బెంచీ మీద కూర్చుని వింటుందనీ ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గుతో ముఖం మండింది.

"ఐయా" అంది, ఈసారి తమిళంలో. "చివర ఒక మాట చెప్పినాను. అది వీడికి చెప్పినాది కాదు, ఏమీ చేయని మనిషికి తగిలినాది. తప్పు నాదే. దాన్ని తీసేయండి."

"మిగిలినవి?"

"మిగిలినవి ఒక్క అక్షరం తగ్గకూడదు."

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు తల వంచి ఏదో రాసుకున్నాడు. తిట్టినందుకు శిక్ష పెరగదు, తిట్టకపోయినా తగ్గదు, కానీ వినడం తన పని అన్నాడు. తర్వాత చట్టప్రకారం జైలుశిక్ష చెప్పాడు. సంకరలింగాన్ని మదురై తీసుకుపోతారని మణికంఠన్ బయటికి వస్తూ చెప్పాడు. ఒట్టు గురించి అడగలేదు. అడిగే ముఖం వాడికీ లేదు, చెప్పే ముఖం ఆమెకూ లేదు.

పంజు మార్కెట్ రోడ్డులోనే ఉన్న కోర్టు గేటు బయట వేలమ్మాళ్ రోడ్డుకు అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంది. సౌభాగ్యం దగ్గరికి పోయింది. చెప్పాల్సిన మాట ఒకటే, చిన్నదే. నోటి దాకా వచ్చి ఆగింది. ఇది ఎక్కడి నోరు, కావలసినప్పుడల్లా కొట్టు కట్టేస్తుంది అని తనను తాను తిట్టుకుంది.

వేలమ్మాళే మాట్లాడింది. "నేను అనుకోనిది నువ్వేమీ అనలేదు అక్కా" అంది తెలుగులో. "మదురై బస్సు ఎక్కడ నిలుస్తాది?" అని అడిగింది.

కోర్టుకు వెంట వచ్చిన పెరుమాళ్‌సామి ఆమె వైపు చూశాడు. సౌభాగ్యం చెయ్యి తనంతట తనే మెడ దగ్గరికి పోయింది. అక్కడ పసుపుకొమ్ము ఉంది. చెయ్యి దించి, తన సంచి కింద పెట్టింది.

"నేరుగా పోవద్దు. మిల్లు షిఫ్టు వదిలే వేళ, లారీలు అడ్డం పడతాయి. ఎడమకు తిరుగు. అక్కడ గుంట ఒకటి ఉండె, ఇప్పుడు పూడ్చినారు, అయినా చూసి అడుగు పెట్టు. దాటినాక ఒక కల్యాణ మండపం. దాని పక్క ఆటో ఎక్కితే కొత్త బస్టాండులో దింపుతాడు. సందు ముందర దించితే దిగవద్దు, కూర్చునే ఉండు. మదురై బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకో, ఎండ కుడి పక్క వస్తాది, ఎడమ పక్క కూర్చో."

వేలమ్మాళ్ ప్రతి మాటకూ తలాడిస్తూ వింది. సంచి భుజానికి తగిలించుకుని, "అంతేనా అక్కా?" అంది.

"ఇంకొకటి" అంది సౌభాగ్యం. కళ్ళు తుడుచుకుంది. "ఆ మండపంలో సాంబారు మాత్రం ఉట్టి నీళ్ళు. ఎవరు పిలిచినా తినొద్దు."